ఒడిలో మిగిలిన శనగలు

ఆళ్లగడ్డ సంతకు వచ్చే రైతులు రామనాథాన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు కాదు, "అంటే సెట్టి" అనేవాళ్ళు. ఆయన రాసిన కాగితం ఏది తీసుకున్నా రెండు వాక్యాలకొకసారి "అంటే" అని ఉండేది మరి. వేళాకోళానికి పెట్టిన పేరే గాని, అది విన్నప్పుడల్లా ఆయన లోలోపల పొంగిపోయేవాడు. కొందరికి రావు బహద్దూరు బిరుదులుంటాయి, ఈయనకు ఇది ఉంది.

నంద్యాలలో వైశ్యుల ఇంట పుట్టి తక్కెడ పట్టడం చేతకాని మనిషి రామనాథం. అన్నలిద్దరూ దుకాణంలో కూర్చుని పప్పూ బెల్లమూ తూచేవాళ్ళు. ఈయన చేతికి పొట్లం కట్టమని పాత పేపరు ముక్క ఇస్తే, దాన్ని రెండు వైపులా చదివేదాకా కొనవచ్చినవాడు నిలబడి ఉండాల్సిందే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తండ్రి నెత్తి కొట్టుకునేవాడు. చివరికి 1953లో, కర్నూలు రాజధాని అయిన ఏడు, భార్య కన్యకమ్మకు అన్న అయిన మునిస్వామి ఈయన్ను తన డిపోలోకి తీసుకున్నాడు. నంద్యాలలో ఆయిల్ ఇంజన్లు, పంపులు, ఎరువులు, పైరుమందులు అమ్మే డిపో అది. ఆళ్లగడ్డలో దానికొక చిన్న బ్రాంచి ఉండేది.

సరుకుతో పాటు ఇంగ్లీషు కాగితాలు వచ్చేవి. వాటిని చదివే దిక్కులేక రైతులు ఇంజన్లను నానా హింసా పెట్టేవాళ్ళు.

"కొన్న మూడోనాడే ఇంజను బండి మింద వేసుకొని తిరిగొస్తాండారు బావా," అన్నాడు మునిస్వామి. "ఏమాయెరా అంటే కాగితం తెల్దంటారు. నువ్వు దీన్ని తెలుగు చెయ్యి. నీకు దుకాణం ఎట్లాగూ చేతకాదు."

రామనాథం రాత్రింబవళ్ళు కూర్చుని మొదటి కాగితం రాశాడు. నియంత్రకము, అంతర్దహనము, అశ్వశక్తి. ఒక్కొక్క మాటా పట్టుపంచె కట్టుకుని వచ్చినట్టుండేది. అచ్చుకు ఇచ్చేముందు ఆళ్లగడ్డ బ్రాంచి అరుగు మీద కూర్చుని సంతకు వచ్చిన రైతులకు చదివి వినిపించాడు. శేషయ్య అనే ముసలి రైతు చివరిదాకా కదలకుండా విన్నాడు.

"బాగుందప్పా పురాణం," అన్నాడు. "ఇంజను సంగతి ఎప్పుడు చెప్తావ్?"

అందరూ నవ్వారు. రామనాథం ముఖం మాడిపోయింది గాని, ఆయనలో మంచి గుణం ఒకటుంది, ఆ మాటను మూటకట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. కాగితమంతా చింపి మళ్ళీ మొదలుపెట్టాడు. అయిదు అశ్వశక్తుల ఇంజను అంటే, రెండు కపిల మోటలు పొద్దస్తమానం తోడే నీళ్ళను ఒక పూటలో తోడేది. గవర్నరు అంటే కర్నూలులో ఉండే దొర కాదు, ఇంజనుకు వేసిన ముకుతాడు. వాల్వు అంటే ఒకవైపే తెరుచుకునే తలుపు, పోయిన నీళ్ళను వెనక్కి రానియ్యదు. మరుసటి సంతలో శేషయ్య విని, ఏమీ అనకుండా చుట్ట వెలిగించుకున్నాడు. ఆ మౌనం రామనాథానికి సన్మానం కన్నా ఎక్కువైంది.

అప్పటినుంచి అదే ఆయన పద్ధతి. ఏ కాగితమైనా సరే అరుగు మీద చదవాల్సిందే. వినేవాళ్ళ చూపు ఎక్కడ పక్కకు పోయిందో అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టుకునేవాడు. కొత్త మాటను తీసేసేవాడు కాదు. రేపు మెకానిక్కు వచ్చినా అదే మాట అంటాడు, రైతు బిత్తరపోకూడదు. అందుకని కొత్త మాటను ఉంచి, దాని పక్కన తెలిసిన మాటను తెచ్చి కూర్చోబెట్టేవాడు. పెళ్ళిలో కొత్త అల్లుడి పక్కన ఊరి పెద్దను కూర్చోబెట్టినట్టు.

ఇంకో అలవాటు కూడా అబ్బింది. మనవాళ్ళకు పనికిరానిదాన్ని కొట్టేయడం. ఒక ఇంజను కాగితంలో, చలికి నీళ్ళు గడ్డకట్టేముందు గొట్టాల్లోనుంచి వాటిని తీసేయాలని రాసి ఉంది. నంద్యాల ఎండల్లో మనిషే కరిగిపోతాడు, నీళ్ళు గడ్డకట్టడం ఎక్కడ. నవ్వుకుని ఆ వాక్యం కొట్టేశాడు. మునిస్వామికి చెబితే ఆయనా పడీపడీ నవ్వాడు. మంచి రాత అంటే సగం కొట్టేయడమేనని రామనాథానికి ఒక నమ్మకం ఏర్పడిపోయింది. నమ్మకాలు మనల్ని మోసినన్నాళ్ళు మోసి, ఒకనాడు ఏటిలో దింపి పోతాయి.

1957లో శనగకు ఎండుతెగులు చెప్పలేనంతగా వచ్చింది. కోయిలకుంట్ల, దొర్నిపాడు వైపు నల్లరేగడిలో పచ్చగా ఉన్న పైరు ఉన్నట్టుండి తల వాల్చేసేది. మునిస్వామి ఎక్కడినుంచో విత్తనాలకు పట్టించే కొత్త మందు తెప్పించాడు. డబ్బా మూత తీస్తే ఎర్రమట్టి రంగు పొడి. చిత్తకార్తె నడుస్తోంది, వానపడి పదును ఉంది, రైతులు విత్తే గొర్రులు బయటికి తీశారు. మూడు రోజుల్లో కాగితం కావాలన్నాడు మునిస్వామి. నాలుగు పుటలు, అంతకు మించి వద్దు.

రామనాథం మనసు పెట్టి రాశాడు. మందు విషం అని రాశాడు. చేత్తో కలపొద్దు, కర్రతో కలపాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి, పనయ్యాక చేతులు మూడుసార్లు కడుక్కోవాలి. అన్నిటికన్నా ముద్దుగా రాసుకున్నది శిలీంధ్రం సంగతి. "శిలీంధ్రం అంటే, చెమ్మ తగిలిన ఊరగాయ జాడీలో తెల్లగా బూజు కడుతుంది కదా, దాని దాయాది. కంటికి ఆనదు. మట్టిలో కాచుక్కూర్చుని, గింజ మొలక విప్పగానే వేరును పట్టుకుంటుంది. మందుపొడి గింజకు తొడిగిన కవచం." ఇంతకంటే తేటగా ఎవడు చెప్పగలడని ఆయనే రెండుమూడుసార్లు చదువుకున్నాడు.

అయితే కాగితం నాలుగు పుటలు దాటి నాలుగు వరసలు ఎక్కువైంది. ఏదో ఒకటి తీయాలి. ఇంగ్లీషు కాగితం చివర ఒక వాక్యం ఉంది. మందు పట్టించిన విత్తనాలు మిగిలితే మనుషులకు గాని పశువులకు గాని పెట్టకూడదు, లోతుగా గుంట తీసి పూడ్చేయాలి అని. రామనాథం పెన్సిలు దాని మీద ఆగింది. గంజికేంద్రాల ముందు జనం బారులు తీరి నిలబడ్డ కరువు మొన్నమొన్నటిది. అలాంటి సీమలో గింజలు గుంటలో పూడ్చమంటే ముఖాన ఉమ్మేస్తారు. అయినా ఎకరాకు ఇన్ని శేర్లని కొలిచి విత్తే రైతు దగ్గర మిగిలేదేముంది. ఇది ఆ నీళ్ళు గడ్డకట్టే వాక్యం లాంటిదే అనుకుని కొట్టేశాడు. శిలీంధ్రం మిగిలింది.

ఆ సాయంత్రం కన్యకమ్మ చేటలో కందిపప్పు ఏరుతుంటే పక్కన కూర్చుని కాగితం మొత్తం చదివాడు. ఆమె వింటూనే పప్పు ఏరింది.

"బూజు సంగతి బాగుంది," అంది. "మందు కలిపినాక గింజలు మిగిలితే ఏం చేస్తారు?"

"మిగలవు."

"మిగలకుండా యాడుంటాది? బియ్యం కొలిచి పోసినా గుప్పెడు మిగుల్తాది."

"అది వంట, ఇది సేద్యం. నీకేం తెలుసు సేద్యం?"

"తెల్దనే అడుగుతాండా," అని ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. తెలియనివాళ్ళు అడిగే ప్రశ్న కోసమే నాలుగేళ్ళుగా అరుగు మీద కాపు కాసిన మనిషి, ఇంట్లో వచ్చిన ప్రశ్నకు చుక్క పెట్టుకోలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన తనను తాను తిట్టుకున్నది దీనికే.

మరుసటి రోజు అరుగు మీద చదివాడు. పాతికమంది రైతులున్నారు. ఊరగాయ బూజు దగ్గర అందరూ తలలూపారు. ఒక్కరి చూపూ పక్కకు పోలేదు, కాగితం మీద ఒక్క చుక్కా పడలేదు. ఇదే తన కాగితాలన్నిటిలోకీ మంచిదనుకుంటూ రామనాథం నంద్యాల బస్సెక్కాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా మగవాళ్ళే, గొర్రు పట్టి ఎద్దుల్ని తోలేవాళ్ళు. విత్తనం పోసే చేతులు వాళ్ళవి కావు. నాలుగేళ్ళలో ఆయన ఒక్క ఆడమనిషికీ అక్కడ కాగితం చదివి వినిపించలేదు.

మాఘమాసంలో ఒకనాడు మద్దిలేటి ఆళ్లగడ్డ బ్రాంచికి వచ్చాడు. దొర్నిపాడు పక్క పల్లెలో పదిహేనెకరాల ఆసామి. అక్షరం పొల్లుపోకుండా కాగితం పాటించే మనిషని రామనాథానికి ఆయనంటే ముచ్చట. ఈసారి శనగ బాగుందనే మాట కోసం ఎదురుచూశాడు.

"పైరు బాగుందప్పా, మాట్లాడనక్కర్లా," అన్నాడు మద్దిలేటి. "కానీ మా దేవమ్మకే బాగలేదు. నీకు నాలుగు మందుల పేర్లు తెలుసు కదా, అడుగుదామని వొచ్చినా."

దేవమ్మ ఆ ఊళ్ళో విత్తనాలు పోసే మనిషి. గొర్రు వెనకాల నడుస్తూ, నడుముకు కట్టిన ఒడిలోనుంచి పిడికిలితో గింజలు తీసి జడ్డిగంలో, అంటే గొర్రు మీది చెక్కగిన్నెలో, జారవిడవాలి. ఒక్క గింజ ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. ఆమె పోసిన చేలో మొలక దువ్వెనతో దువ్వినట్టు వస్తుందని ఆ చుట్టుపక్కల పేరు. విత్తే కాలంలో ఆమె కోసం ఆసాములు పోటీలు పడేవాళ్ళు. అలాంటి మనిషికి ఇప్పుడు కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోందట. వేళ్ళు తిమ్మిరెక్కి ముట్టుకున్నది తెలియదట. మాట ముద్దగా వస్తోంది, నడిస్తే తూలుతోంది. ఆమె అత్త అంతకంటే ముందే మంచం పట్టి, పది రోజులు కాళ్ళూ చేతులూ కొట్టుకుని చనిపోయింది.

"వాళ్ళు ఏం తిన్నారు?" అన్నాడు రామనాథం. ఎందుకడిగాడో ఆయనకే తెలియదు.

"ఏం తింటారు, కూలోల్లు తినేదే. విత్తే కాలం గదా, గుగ్గిళ్ళు."

"గుగ్గిళ్ళు ఎక్కడివి?"

మద్దిలేటి ఆయన వైపు వింతగా చూశాడు. "కడసాలు తిరిగి విత్తేది అయిపోయినాక వొడిలో మిగిలిన గింజలు పోసినామెవే గదప్పా. తాతల కాలం నుంచీ అంతే. వట్టి వొడితో ఇంటికి పంపితే చేను వట్టిపోతాదంటారు. మేమే ఇంకో దోసెడు పోసి పంపుతాం. ఆమె పదహైదు చేన్లలో పోసింది ఈసారి. బాగా కడిగి ఉడకేసుకున్యారంట, ఎరుపంతా పోయేదాంక. ముసిలామెకు పండ్లు ల్యాకపోతే మెత్తగా చిదిమి పెట్టిందంట."

రామనాథం ఇంకెవరెవరు తిన్నారో అడిగాడు. పోసిన మిగతా ఆడవాళ్ళు ఒకటి రెండు పూటలు తిని వాంతులతో బయటపడ్డారు. ఎక్కువ చేలు పిలిచిన చెయ్యి కాబట్టి దేవమ్మ ఇంట్లో ఎక్కువ రోజులు తిన్నారు. మంచి చెయ్యి కావడమే ఆమె చేసుకున్న పాపం.

"అవి తినకూడదప్పా," అన్నాడు రామనాథం. "ఇంకా ఉంటే గుంట తీసి పూడ్చేయమని చెప్పు. పట్నం ఆసుపత్రికి తీసుకుపొమ్మను."

"తినకూడదా?" అన్నాడు మద్దిలేటి. "నీ కాగితంలో రాసిండేదంతా చేసినాము. ఇది రాయల్యా నువ్వు."

అప్పుడు చెప్పాల్సింది. ఇంగ్లీషులో ఉంది, నేనే కొట్టేశాను అనే రెండు ముక్కలు. నాలుకదాకా వచ్చాయి కూడా. కాని లోపల బ్రాంచి గుమాస్తా ఉన్నాడు, గోడకు మునిస్వామి ఫోటో ఉంది, తనకు ఇంకో బతుకుతెరువు లేదు. రామనాథం నోట ఇంకో మాట వచ్చింది.

"మందు విషమని రాసినా కదప్పా. విషమని తెలిసినాక ఎవరైనా తింటారా?"

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. మద్దిలేటి తల గీరుకున్నాడు. "అదీ నిజమేలే. విషమని నేను అందరికీ చదివే చెప్పినా. ఆమె వొడి గూడా ఈసారి కొంచెం ఎక్కువే చేసుకుండె. ఆశ," అన్నాడు. ఆ మాట తన కళ్ళముందే పుట్టి, కాళ్ళు వచ్చి, కండువా భుజాన వేసుకుని పల్లెకు బయల్దేరడం రామనాథం చూస్తూ కూర్చున్నాడు. ఎన్నెన్ని మాటలకో "అంటే" తగిలించినవాడు ఆ ఒక్క మాటకు తగిలించలేదు.

మరుసటి ఏడు కాగితాన్ని కొత్తగా రాశాడు. శిలీంధ్రాన్ని రెండు వరసలకు కుదించాడు. మొదటి పుటలోనే బొద్దు అక్షరాలతో వేయించాడు. "ఒడిలో మిగిలిన గింజలు తినవద్దు. అంటే, కడిగినా తినవద్దు, ఉడికించినా తినవద్దు, కోళ్ళకు కూడా వేయవద్దు. గట్టున లోతుగా పూడ్చండి. పోసిన ఆడమనిషి ఒడిలో వాటికి బదులుగా మందు తగలని మంచి శనగలు కొలిచి పోయండి." ఈసారి అరుగు మీద ఆగలేదు. చేలగట్ల వెంబడి తిరిగి ఆడవాళ్ళను నిలబెట్టి చదివాడు. వాళ్ళు అడిగిన ప్రశ్నలకు కాగితం నిండా చుక్కలు పడ్డాయి. అన్నిటికీ సమాధానాలు రాశాడు. ఆ ఏడు ఎవరికీ ఏమీ కాలేదు.

తిరగని ఊరు ఒక్కటే, మద్దిలేటి ఊరు. ఆ ఊరి కాగితాలను గుమాస్తా చేత పంపించాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా, ఆకులు పట్టుకున్నాం కదా అని మనసును జోకొట్టుకోవచ్చు. రామనాథం అదే చేశాడు. తప్పు దిద్దాను, ఇక ఎవరూ తినరు, ఇప్పుడు పోయి చెబితే దేవమ్మ చెయ్యి తిరిగివస్తుందా అని తనకు తానే వకీలై వాదించుకునేవాడు. వాదన నెగ్గేది గాని నిద్ర పట్టేది కాదు. పైగా మద్దిలేటి వచ్చినప్పుడల్లా అడగకుండానే కబుర్లు చెప్పేవాడు. దేవమ్మ మొగుడు యాకోబు విత్తే కాలంలో బేతంచెర్ల బండల పనికి పోయి ఉన్నాడట. వచ్చేసరికి తల్లి లేదు. విషమని చెప్పినా వినకుండా ఆశకొద్దీ ఒడి నింపుకొచ్చి తల్లికి పెట్టి చంపిందని వాడికి గట్టిగా నాటుకుపోయింది. కొట్టడు, తిట్టడు. ఆమె చేతి కూడు మాత్రం తినడు. అదే ఇంట్లో ఒక మూల వేరే పొయ్యి పెట్టుకున్నాడు.

"ఆమేమంటుంది?" అని ఒకసారి అడిగాడు రామనాథం.

"ఏమంటాది. నాదే తప్పంటాది. దేవుడు చెయ్యి తీసుకున్యాడు, న్యాయమే అంటాది."

ఆ మాట విన్నాక కూడా రెండేళ్ళు గడిచాయి. పంచాంగం మార్చినంత సుళువుగా గడిచాయని కాదు, కాని గడిచాయి. వచ్చే సంతకు పోదాం, వానలు తగ్గాక పోదాం, మునిస్వామి మంచి మూడ్‌లో ఉన్నప్పుడు ఆయనకు చెప్పి పోదాం. పోని మనిషికి దారంతా అడ్డమే.

1961లో, చలి తగ్గే రోజుల్లో, ఆళ్లగడ్డలో వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. మునిస్వామి డిపో తరఫున పందిరి వేయించాడు. సభలో ఒక పెద్దమనిషి లేచి, రామనాథం రాసిన బొద్దక్షరాల వాక్యాన్ని చదివి, ఈ ఒక్క వాక్యం ఎన్ని ప్రాణాలు కాపాడిందో అన్నాడు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టిన జనంలో మద్దిలేటి కూడా ఉన్నాడు. గుమ్మడికాయల దొంగలాగా రామనాథం భుజం తడుముకున్నాడు. అక్కడ శాలువానే ఉంది, దాని బరువుకు మెడ వంగిపోయింది.

ఇంటికి వచ్చి శాలువా మంచం మీద పారేసి, భార్య ముందు కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. కొట్టేసిన వాక్యం, మద్దిలేటితో అన్న మాట, యాకోబు వేరే పొయ్యి. చెబుతూ ఏడ్చాడు. కన్యకమ్మ ఊరడించలేదు, నేను అప్పుడే అడిగినా కదా అని దెప్పనూ లేదు. అంతా విని ఒక్క మాట అంది.

"నాకెందుకు చెప్తాండావ్? నేను తినల్యా ఆ గుగ్గిళ్ళు."

మరునాడు పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కడ దొర్నిపాడు బస్సు పట్టుకుని, దిగి కోసెడు దూరం నడిచాడు. దారికి రెండు పక్కలా శనగ కాయపట్టి ఉంది. ఆయన దాని వైపు చూడలేకపోయాడు. ఇంగ్లీషు కాగితం జేబులో ఉంది. మాదిగపల్లె మొదట్లో ఒకరిని అడిగితే ఇల్లు చూపించారు.

దేవమ్మ వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వయసు ముప్పై అయిదుకు మించదు. కుడిచేతిని తొడ కింద అదిమిపెట్టుకుంది, వణుకు కనబడకుండా. ఆయన పేరు చెప్పగానే కాగితాల సెట్టి అని గుర్తుపట్టి, లేవబోయి తూలింది.

"కూర్చో తల్లీ, కూర్చో," అని రామనాథం తానూ ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"ఈడికెందుకొచ్చినావ్ సెట్టీ? మాకు చేన్లు ల్యావే," అంది ఆమె. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నెమ్మదిగా వచ్చాయి.

ఆయన దారిపొడవునా ఎన్నో రకాలుగా కూర్చుకున్న వాక్యాలేవీ పనికిరాలేదు. జేబులో కాగితం తీసి చివరి వరస మీద వేలు పెట్టాడు.

"మిగిలిన గింజలు తినకూడదని ఇందులో రాసుండాదమ్మా. ఇంగ్లీషులో. మీకిచ్చిన తెలుగు కాగితంలో అది ల్యాదు. నేనే కొట్టేసినా."

"ఎందుకు?"

"చోటు చాలలేదు. గింజలు మిగలవనుకున్నా. ఒడి సంగతి నాకు తెలీదు."

"అడిగింటే చెప్పుందుము," అంది దేవమ్మ. కోపంగా అనలేదు. దారి అడిగినవాడికి చెప్పినట్టు అంది.

"మద్దిలేటి వచ్చి అడిగినప్పుడైనా నేను నిజం చెప్పలేదు. విషమని రాసినాక ఎందుకు తిన్నారని ఎదురడిగినా. అందుకే ఊరంతా నీదే తప్పనుకున్యారు. నీ తప్పు ఏమీ ల్యాదు తల్లీ. పిడికెడు తెచ్చుకున్నా తట్టెడు తెచ్చుకున్నా ల్యాదు."

ఆమె ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది. చదవడం రాకపోయినా ఆ వరస ఎక్కడుందో చూపు అక్కడే నిలిచింది. తొడ కింది చెయ్యి బయటికి జారి మట్టి మీద కొట్టుకుంటోంది, ఆమె పట్టించుకోలేదు.

"వొడి ఎక్కువ చేసుకున్నందుకు కాదా?"

"కాదు."

"కొండమ్మా," అని ఆమె పక్కింటి వైపు తిరిగి పిలిచింది. "ఇట్ల రాక్కా. అందర్నీ పిల్చుకొని రా." నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి నిలబడ్డారు. "ఇప్పుడు చెప్పు సెట్టీ. నాకు చెప్పినట్లే చెప్పు."

రామనాథం లేచి నిలబడి చెప్పాడు. ఇంగ్లీషులో ఉందని, తాను కొట్టేశానని, అడిగినప్పుడు దాచానని. ఎవరూ తలలూపలేదు, ఎవరి చూపూ పక్కకు పోలేదు. ఒక ముసలాయన ఉమ్మి వెళ్ళిపోయాడు. ఆయన తన మీద ఉమ్మినా బాగుండేదనుకున్నాడు రామనాథం. మూడేళ్ళుగా గుండె మీద ఉన్న బండ కొంచెం జరిగినట్టయింది, అలా జరిగినందుకు సిగ్గు కూడా వేసింది.

"యాకోబు యాడికి పోయినాడు?" అని అడిగాడు. "వచ్చేదాకా ఉంటా. ఆయనకూ నేనే చెప్తా."

కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయప్ప పోయి మూడు నెలలాయె," అంది దేవమ్మ. "కాలవ పనిలో కట్ట విరిగి మింద పడింది. ఎత్తుకొచ్చి ఈడనే పండబెట్టిరి. నీళ్ళు నీళ్ళు అన్యాడు. నేను చెంబు తెస్తి. నా చెయ్యి చూసి మొగం తిప్పుకొనె. మల్లా ఇదో, ఈ కొండక్క పోస్తే తాగినాడు."

ఆమె కుడిచేతిని మళ్ళీ తొడ కింద పెట్టుకుంది.

"నువ్వు దీపావళి కాడికి వొచ్చింటే, నా చేతి నీళ్ళే తాగి పోయుండు సెట్టీ," అంది.